టార్గెట్ ఎస్‌డీకే 33 నుంచి 35కు: ఒకేసారి దూకాలా, 34 మీద ఆగి వెళ్లాలా? (2025 నాటి చర్చ)

అల్లూరు_చెరువుగట్టు
రొయ్యల రైతులు వాడే ఒక యాప్‌ను నేనూ మా తమ్ముడూ కలిసి నడుపుతున్నాము. చెరువు వారీగా మేత లెక్క, నీటిలో కరిగిన ఆక్సిజన్, ఉప్పదనం, పీహెచ్ రాసుకోవడానికీ, తెల్లవారుజామున ఏరియేటర్లు చూసుకోమని అలారం మోగించడానికీ, పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, సరుకు వ్యాను ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికీ రైతులు దీన్ని వాడుతున్నారు. కోడు సగం కోట్లిన్ భాషలో, సగం పాత జావాలో ఉంది. యాప్ ఏ ఆండ్రాయిడ్ నియమాలకు సిద్ధపడిందో చెప్పే అంకె, అంటే టార్గెట్ ఎస్‌డీకే, ఇప్పటికీ 33 (ఆండ్రాయిడ్ 13) మీదే ఉంది. 2025 ఆగస్టు 31 నుంచి ఏ అప్‌డేట్ పంపాలన్నా టార్గెట్ 35, అంటే ఆండ్రాయిడ్ 15, ఉండాలన్నది ప్లే స్టోర్ నియమం. గడువు పొడిగింపు అడిగి నవంబరు 1 వరకు తీసుకున్నాము. అప్‌డేట్ పంపకుండా ఊరుకుందామన్నా కుదరదు, ఎందుకంటే కనీసం 34 (ఆండ్రాయిడ్ 14) లేని యాప్ కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో కొత్తవారికి కనిపించదు.

నా సందేహం ఒక్కటే. 33 నుంచి నేరుగా 35కు వెళ్లవచ్చునా, లేక 34 మీద ఒక విడుదల చేసి, అది నిలదొక్కుకున్నాక 35కు వెళ్లాలా? పట్టుబడుల కాలంలో యాప్ ఆగిపోతే రైతుకు మేము సమాధానం చెప్పుకోలేము. ప్రతి ఏటా ఆగస్టు వచ్చేసరికి ఈ తంతు ఎందుకు పెడతారో కూడా ఎవరైనా చెబితే వింటాను.

ఒంగోలు_గిత్త
నేరుగా 35కు వెళ్లండి. యాప్‌ను బిల్డ్ చేసే గ్రేడిల్ ఫైలులో రెండు అంకెలు మార్చడం, ఎడ్జ్ టు ఎడ్జ్ (యాప్ స్క్రీను అంచుల దాకా పరచుకోవడం) వద్దని థీమ్‌లో ఒక పంక్తి రాయడం, విడుదల చేయడం, అంతే. మేము ఒక చిట్‌ఫండ్ లెక్కల యాప్‌ను అలాగే మార్చాము, ఎవరూ ఒక్క మాట అనలేదు. రెండుసార్లు విడుదల చేస్తే రెండుసార్లు పరీక్షించాలి, ఇద్దరే ఉన్న చోట అది వృథా శ్రమ.

కనిగిరి_కుర్రాడు
నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. కంపైల్ ఎస్‌డీకే, టార్గెట్ ఎస్‌డీకే, మిన్ ఎస్‌డీకే అని మూడు ఉన్నాయి కదా, ఇక్కడ రెండు అంకెలు మార్చమంటున్నారు. ఏ అంకె దేనిని మారుస్తుందో ఎవరైనా వివరిస్తే నాలాంటి వాళ్లకు ఉపయోగపడుతుంది.

పెన్నా_బ్యారేజీ
మీరు కోడు రాసేటప్పుడు ఏ ఆండ్రాయిడ్ వరకు ఉన్న ఏపీఐలు (ఆండ్రాయిడ్ అందించే మెథడ్లు, క్లాసులు) కంపైలర్‌కు కనిపించాలో కంపైల్ ఎస్‌డీకే చెబుతుంది. ఏ ఆండ్రాయిడ్ నియమాలకు మీరు సిద్ధపడ్డారో టార్గెట్ ఎస్‌డీకే ఫోనుకు చెబుతుంది. టార్గెట్ 33 అని ఉన్న యాప్‌ను ఆండ్రాయిడ్ 15 ఫోను చాలా విషయాల్లో పాత పద్ధతిలోనే నడవనిస్తుంది. 35 అన్న క్షణం నుంచి 14లో వచ్చిన నియమాలూ, 15లో వచ్చిన నియమాలూ రెండూ కలిసి అమలవుతాయి. ఎంత పాత ఫోను వరకు యాప్‌ను ఎక్కించుకోనివ్వాలో మిన్ ఎస్‌డీకే నిర్ణయిస్తుంది.

ఒంగోలు_గిత్త గారి యాప్‌లో ఎవరూ ఒక్క మాట అనకపోవడానికి కారణం అది చిట్‌ఫండ్ లెక్కల యాప్ కావడమే. అందులో అలారం లేదు, వెనుక నడిచే సర్వీసు లేదు, లొకేషన్ లేదు. అల్లూరు గారి యాప్‌లో మూడూ ఉన్నాయి, 14వ వెర్షన్ కఠినతరం చేసినవి సరిగ్గా అవే. కాబట్టి ఆ అనుభవాన్ని ఇక్కడికి తెచ్చుకోవడం సరికాదు.

ఒంగోలు_గిత్త
అందుకే నేను 34 మీద ఆగవద్దంటున్నాను. 34 మీద చేసే పనంతా 35 మీద ఎలాగూ చేయాలి. మధ్యలో ఒక విడుదల ఎందుకు?

పెన్నా_బ్యారేజీ
ఏదైనా విరిగినప్పుడు ఎందువల్ల విరిగిందో తెలియడానికి. ఒకే విడుదలలో అన్నీ మార్చి పంపితే, రాత్రి అలారం మోగలేదని రైతు ఫోను చేసినప్పుడు మీరు దేనిని అనుమానిస్తారు?

కావలి_కంపైలర్
నా అభిప్రాయంలో 34 మీద ఆగాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. దానికంటే ముందు విడదీయవలసినది వేరే ఉంది. కంపైల్ ఎస్‌డీకే 35 కావాలంటే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ కనీసం 8.6 ఉండాలి. దానికి గ్రేడిల్ 8.7, జేడీకే (జావా పనిముట్ల కట్ట) 17 కావాలి. 33 మీద ఆగిపోయిన ప్రాజెక్టు బహుశా ప్లగిన్ 7 మీదే ఉండి ఉంటుంది, అవునా?

7 నుంచి 8కు వెళ్లడమే ఒక పెద్ద మార్పు. ప్రతి మాడ్యూల్‌కూ నేమ్‌స్పేస్‌ను గ్రేడిల్ ఫైలులోనే రాయాలి, మానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు ప్రకటించే ఫైలులో) ప్యాకేజీ అని రాసి ఊరుకుంటే బిల్డ్ కాదు. బిల్డ్‌కాన్ఫిగ్ క్లాసు దానంతట అది తయారు కావడం ఆగిపోతుంది, కావాలంటే అడగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కోడును కుదించే ఆర్8 అనే పనిముట్టుకు ఫుల్ మోడ్ డిఫాల్ట్ అవుతుంది, అంటే వాడనట్టు కనిపించిన కోడును ఇంతకుముందుకంటే నిర్దాక్షిణ్యంగా కత్తిరిస్తుంది. సర్వరు నుంచి వచ్చిన జేసన్‌ను జీసన్ లైబ్రరీతో చదువుకునే మోడల్ క్లాసులకు కీప్ రూల్స్ (వీటిని కత్తిరించవద్దనే నియమాలు) లేకపోతే, మనం పరీక్షించుకునే డీబగ్ బిల్డ్‌లో అంతా చక్కగా నడిచి, వాడుకరులకు పంపే రిలీజ్ బిల్డ్‌లో మాత్రం జాబితాలు ఖాళీగా రావచ్చు, లేదా యాప్ కూలిపోవచ్చు. చాలామంది దీనిని ఎస్‌డీకే మార్పు వల్ల వచ్చిన తప్పు అనుకొని రోజుల తరబడి వేరే చోట వెతుకుతారు.

అందుచేత మొదటి విడుదలలో బిల్డ్ పనిముట్లను మాత్రమే మార్చండి, టార్గెట్‌ను 33 మీదే ఉంచండి.

అల్లూరు_చెరువుగట్టు
ప్లగిన్ 7.2 మీదే ఉన్నాము, బాగా ఊహించారు. కానీ టార్గెట్ 33తో అప్‌డేట్ పంపితే ప్లే స్టోర్ తీసుకుంటుందా?

కావలి_కంపైలర్
పొడిగింపు ఉన్నంతకాలం తీసుకుంటుందనే అనుకుంటున్నాను, కన్సోల్‌లో ఒకసారి ఖాయం చేసుకోండి. మీకు నవంబరు 1 వరకు ఆ వెసులుబాటు ఉంది, కాబట్టి ఈ వారమే పంపండి. గడువు దాటాక ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు మొదటి మెట్టును మీ ఫోన్లలో మాత్రమే పరీక్షించుకోవాలి.

ఒంగోలు_గిత్త
బిల్డ్ పనిముట్లు వేరుగా మార్చడం వరకు ఒప్పుకుంటాను, ఆ ఆర్8 మాట నిజమే. కానీ కంపైల్ ఎస్‌డీకేను వాటితో పాటే 35 చేసేయవచ్చు కదా. దానివల్ల ఫోనులో నడిచే తీరు ఏమీ మారదని డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది.

ఉదయగిరి_కోట
ఆ సూత్రం సాధారణంగా నిజమే కాని 35 విషయంలో దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఇది ఈ చర్చలో అందరూ చదవవలసిన విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కోట్లిన్‌లో మ్యూటబుల్ లిస్ట్ మీద రిమూవ్‌ఫస్ట్, రిమూవ్‌లాస్ట్ అని పిలుస్తాము. అవి ఇంతకాలం కోట్లిన్ సొంత ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్లు. ఆండ్రాయిడ్ 15తో జావా లిస్ట్ ఇంటర్‌ఫేస్‌లోనే అవే పేర్లతో మెథడ్లు వచ్చి చేరాయి. ఒకే పేరుతో రెండూ ఉన్నప్పుడు కోట్లిన్ కంపైలర్ క్లాసులోని మెథడ్‌నే ఎంచుకుంటుంది. కాబట్టి మీరు కోడులో ఒక్క అక్షరం మార్చకపోయినా, కంపైల్ ఎస్‌డీకే 35 చేసి బిల్డ్ చేయగానే ఆ పిలుపు కొత్త జావా మెథడ్‌కు వెళుతుంది. ఆండ్రాయిడ్ 15 ఉన్న మీ ఫోనులో అది చక్కగా నడుస్తుంది. ఆండ్రాయిడ్ 14, అంతకంటే పాత ఫోన్లలో ఆ మెథడే లేదు కాబట్టి నోసచ్‌మెథడ్ ఎర్రర్‌తో యాప్ కూలిపోతుంది.

అంటే కొత్త ఫోను చేతిలో పెట్టుకొని పరీక్షించే డెవలపర్‌కు ఇది కనబడదు, పాత ఫోను పట్టుకొని గట్టు మీద నిలబడిన రైతుకు కనబడుతుంది. రిమూవ్‌ఫస్ట్ ఉన్న చోటల్లా రిమూవ్‌ఎట్ సున్నా అనీ, రిమూవ్‌లాస్ట్ ఉన్న చోట రిమూవ్‌ఎట్ లాస్ట్‌ఇండెక్స్ అనీ మార్చుకుంటే సరిపోతుంది. కొత్త ప్లగిన్‌తో లింట్ (కోడులో తప్పులు వెతికే పనిముట్టు) నడిపితే న్యూఏపీఐ అనే తప్పుగా చూపుతుంది. లింట్ తప్పులను నోరు మూయించే అలవాటు ఉన్నవారు ఈ ఒక్కసారికి ఆ అలవాటు మానుకోవాలి.

ఒంగోలు_గిత్త
ఇది నాకు తెలియదు. ఇప్పుడే వెతికితే మా చిట్‌ఫండ్ కోడులో ఒక్క రిమూవ్‌లాస్ట్ ఉంది. అది ఎవరూ తెరవని ఒక స్క్రీనులో ఉండడం మా అదృష్టం.

చీమకుర్తి_గెలాక్సీ
అందుకే ఎవరూ ఒక్క మాట అనలేదన్నమాట.

కనిగిరి_కుర్రాడు
చీమకుర్తి_గెలాక్సీ గారూ, మీ ఫోనులో కూడా ఇలా జరిగిందా?

చీమకుర్తి_గెలాక్సీ
తమ్ముడూ, నా పేరులోని గెలాక్సీ ఫోను కాదు, చీమకుర్తి నల్ల గ్రానైటు. దానికి ఎస్‌డీకే అప్‌డేట్ అక్కర లేదు.

పెన్నా_బ్యారేజీ
అల్లూరు గారి అలారం విషయానికి వస్తాను. దీనికి 34, 35 వరకు వెళ్లనక్కర లేదు, మీకు ఇప్పుడే సమస్య ఉండి ఉండవచ్చు. టార్గెట్ 33 లేదా అంతకు పైన ఉన్న యాప్‌ను ఆండ్రాయిడ్ 14 ఫోనులో కొత్తగా ఎక్కిస్తే, షెడ్యూల్ ఎగ్జాక్ట్ అలారం అనుమతి మొదటి నుంచే లేనట్టు లెక్క. పాత ఫోనులో ఇచ్చిన అనుమతి బ్యాకప్ ద్వారా కొత్త ఫోనుకు రాదు. అనుమతి లేకుండా ఖచ్చితమైన అలారం పెట్టబోతే సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తుంది. ఆ ఎక్సెప్షన్‌ను ట్రై క్యాచ్‌లో మింగేసిన కోడు అయితే యాప్ కూలదు, అలారం కూడా మోగదు.

తెల్లవారుజామునే చెరువులో ఆక్సిజన్ అతి తక్కువకు పడిపోతుంది. ఆ వేళ మోగవలసిన అలారం మౌనంగా ఉండిపోవడం యాప్ కూలిపోవడం కంటే ప్రమాదం. అలారం పెట్టే ముందు ప్రతిసారీ క్యాన్ షెడ్యూల్ ఎగ్జాక్ట్ అలారమ్స్ అని అడిగి, లేదంటే రైతుకు తెలుగులో రెండు ముక్కలు చెప్పి నేరుగా ఆ సెట్టింగు పేజీకి పంపండి. యూజ్ ఎగ్జాక్ట్ అలారం అనే మరో అనుమతి ఉంది, దాన్ని వాడుకరి ఇవ్వనక్కర లేదు. కాని అలారమో, క్యాలెండరో ప్రధాన పనిగా ఉన్న యాప్‌లకే ప్లే స్టోర్ దాన్ని అనుమతిస్తుంది. మేత లెక్కల యాప్‌కు అది దక్కుతుందని నేను అనుకోను.

అల్లూరు_చెరువుగట్టు
మీరు చెప్పింది సరిగ్గా సరిపోయింది. కొత్త ఫోను కొన్న రైతులకే అలారం మోగడం లేదన్న ఫిర్యాదు కొంతకాలంగా ఉంది. ఆ ఫోను కంపెనీ వారు పెట్టిన బ్యాటరీ పొదుపు వల్ల అని మేము అనుకుంటూ వచ్చాము. ఈ రాత్రే చూస్తాను.

పెన్నా_బ్యారేజీ
బ్యాటరీ పొదుపు కూడా ఉండవచ్చు, రెండూ చూడండి. వ్యాను లొకేషన్ మాటేమిటి, దానికి ఫోర్‌గ్రౌండ్ సర్వీసే (నోటిఫికేషన్ చూపుతూ ఆగకుండా నడిచేది) వాడుతున్నారా?

అల్లూరు_చెరువుగట్టు
అవును. డ్రైవరు బయలుదేరేటప్పుడు యాప్‌లో బటన్ నొక్కుతాడు, ప్రాసెసింగ్ ప్లాంటుకు చేరేవరకు సర్వీసు నడుస్తుంది. రైతు రాసిన లెక్కలను సర్వరుకు పంపడానికి ఇంకో సర్వీసు ఉంది, అది ఫోను తిరిగి ఆన్ అయినప్పుడు దానంతట అదే మొదలవుతుంది.

పెన్నా_బ్యారేజీ
మొదటిదానికి ఇబ్బంది తక్కువ. టార్గెట్ 34 నుంచి ప్రతి ఫోర్‌గ్రౌండ్ సర్వీసుకూ అది ఏ రకమో మానిఫెస్ట్‌లో చెప్పాలి. మీది లొకేషన్ రకం, దానికి తగిన ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ లొకేషన్ అనుమతి కూడా రాయాలి. రకం రాయకపోతే సర్వీసు మొదలైన చోటే యాప్ కూలుతుంది. డ్రైవరు స్క్రీను మీద బటన్ నొక్కి మొదలుపెడుతున్నాడు కాబట్టి మిగతా ఆంక్షలు మీకు తగలవు. ప్లే కన్సోల్‌లో ఆ రకం ఎందుకు వాడుతున్నారో ఒక ఫారం నింపాలి, వీడియో లంకె కూడా అడుగుతారు. దాన్ని చివరి రోజుకు పెట్టుకోవద్దు.

రెండో సర్వీసే ఇబ్బంది. డేటా సింక్ రకం సర్వీసు టార్గెట్ 35లో 24 గంటలకు మొత్తం 6 గంటలే నడవగలదు. అంతకంటే ముఖ్యంగా, ఫోను ఆన్ అయిన కబురు అందుకున్న రిసీవర్ నుంచి ఆ రకం సర్వీసును మొదలుపెట్టడానికి వీలు లేదు. దాన్ని తీసేసి, వీలు చూసుకొని వెనుక పనులు నడిపే వర్క్‌మేనేజర్ లైబ్రరీకి అప్పగించండి. రైతు లెక్కలు నెట్‌వర్క్ దొరికినప్పుడు వెళితే చాలు కదా, దానికి ఫోర్‌గ్రౌండ్ సర్వీసు మొదటి నుంచీ ఎక్కువే.

టంగుటూరు_బ్యారన్
మా యాప్‌ను ఫ్లట్టర్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో కట్టాము. టార్గెట్ మార్చడం మాకు పెద్ద పని కాలేదు, ఆగిపోయింది ప్లగిన్ల దగ్గర. ఎవరో రాసి వదిలేసిన ఒక బ్లూటూత్ ప్రింటరు ప్లగిన్‌లో నేమ్‌స్పేస్ లేదు, బిల్డ్ అక్కడే నిలిచిపోయింది. రచయిత స్పందించకపోతే ఆ ప్లగిన్‌ను ఫోర్క్ చేసి ఆ ఒక్క పంక్తి కలుపుకోవడం తప్ప దారి లేదు. పబ్‌స్పెక్‌లో (వాడే ప్యాకేజీల జాబితా ఫైలులో) ఉన్న ప్రతి ప్యాకేజీకీ చివరి విడుదల ఎప్పుడు జరిగిందో ఒకసారి చూసుకుంటే మీ అప్‌గ్రేడ్ ఎంతకాలం పడుతుందో ముందే తెలిసిపోతుంది.

కందుకూరు_బస్టాండు
రియాక్ట్ నేటివ్ యాప్‌లు కట్టడానికి వాడే ఎక్స్‌పోలో ఉన్నవారికి ఒక మాట. అక్కడ మెట్టు మెట్టుగా ఎక్కడమే వారు చెప్పే పద్ధతి. ఎక్స్‌పో సొంత ఎస్‌డీకే 51 నుంచి 54కు ఒకేసారి దూకకుండా ఒక్కో వెర్షన్ మారి, ప్రతిసారీ ఎక్స్‌పో డాక్టర్ నడిపి, అది చెప్పిన వెర్షన్లకు ప్యాకేజీలను సరిచేసుకోండి. పైగా రియాక్ట్ నేటివ్ 0.76 నుంచి కొత్త ఆర్కిటెక్చర్ డిఫాల్ట్ అయింది, పాత ఆర్కిటెక్చర్‌కు 54 ఆఖరి మజిలీ. ఇంతకుమించి ఇక్కడ రాస్తే అల్లూరు గారి ప్రశ్న పక్కదారి పడుతుంది.

పొదలకూరు_నిమ్మ
అందరూ అలారాలు, సర్వీసులు అంటున్నారు కాని తెలుగు యాప్‌లన్నిటికీ తగిలే మార్పు ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. మేము నిమ్మకాయల మార్కెట్ ధరలు చూపే యాప్‌ను 35కు మార్చగానే స్క్రీన్లన్నీ కొద్దిగా కిందికి సాగాయి. ఎత్తు కట్టుదిట్టంగా ఇచ్చిన బటన్లలో ఒత్తుల కింది భాగం తెగిపోయింది. దిగుమతి ఖర్చు అన్న బటన్‌లో ర కింద ఉన్న చ ఒత్తు సగమే కనిపించింది.

కారణం ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే ఒక టెక్స్ట్‌వ్యూ లక్షణం. టార్గెట్ 35 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్ అవుతుంది. ఇంతకుముందు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, ఒడియా, గుజరాతీ వంటి లిపులకు ఎత్తు కుదించిన ఫాంట్ కొలతలు వాడేవారు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు గీసిన పెట్టెలో మన గుడులూ ఒత్తులూ ఇరికించడానికి చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు ఆ ఇరికింపు తీసేసి, లిపికి కావలసినంత ఎత్తు ఇస్తున్నారు. అంటే మార్పు మనకు మేలు చేసేదే, కానీ ఇంగ్లీషు కొలతలతో గీసిన మన లేఅవుట్లు దానికి సిద్ధంగా లేవు.

థీమ్‌లో ఆ లక్షణాన్ని ఆఫ్ చేస్తే 35లో పాత రూపం తిరిగి వస్తుంది. టార్గెట్ 36కు వెళ్లాక ఆ మాట చెల్లదు. అందుకని మేము ఆఫ్ చేయలేదు. బటన్ల ఎత్తును అంకెలలో ఇవ్వడం మానేసి, రాప్ కంటెంట్ (లోపలి రాతకు తగినంత ఎత్తు) పెట్టి, కనీస ఎత్తు మాత్రం చెప్పాము. ఇంగ్లీషు భాషలో పెట్టిన ఫోనులో పరీక్షిస్తే ఈ తేడా అసలు కనిపించదు.

ఉదయగిరి_కోట
ఇది మంచి మాట. ఆండ్రాయిడ్ 15 ఫోనులో మాత్రమే కనిపిస్తుంది, తెలుగులో మాత్రమే కనిపిస్తుంది. పైన నేను చెప్పినది పాత ఫోన్లలో మాత్రమే కనిపిస్తుంది. రెండు రకాల ఫోన్లూ బల్ల మీద లేకుండా ఈ అప్‌గ్రేడ్ చేయకూడదు.

ఒంగోలు_గిత్త
ఎడ్జ్ టు ఎడ్జ్‌ను వద్దనే పంక్తి గురించి నేను మొదట రాశాను. దాన్ని ఎవరూ ఖండించలేదు కాబట్టి అది సరైనదే అనుకుంటున్నాను.

కావలి_కంపైలర్
ఖండించడానికి వరుసలో ఉన్నాను. టార్గెట్ 35 అయిన యాప్ ఆండ్రాయిడ్ 15 ఫోనులో స్టేటస్ బార్ కిందికీ, నావిగేషన్ బార్ కిందికీ విస్తరిస్తుంది. స్టేటస్ బార్‌కు మీరు పూసిన రంగు పనిచేయదు. పైన ఉన్న శీర్షిక గడియారం కిందికి దూరుతుంది, కింద ఉన్న సేవ్ బటన్ మూడు బటన్ల పట్టీ వెనక్కి పోతుంది. మీరు చెప్పిన పంక్తి దీనిని ఆపుతుంది, నిజమే. కాని అది 36లో, ఆండ్రాయిడ్ 16 ఫోన్లలో, పనిచేయదు. వచ్చే గడువు నాటికి ఇదే పని మళ్లీ మీ ముందుకు వస్తుంది.

ఒంగోలు_గిత్త
వచ్చే గడువు పని వచ్చే గడువుకు. నెల్లూరు వారు చేపల పులుసును మరునాటికి ఉంచుకొని తింటే రుచి అంటారు కదా, కొన్ని పనులు కూడా అంతే.

పెన్నా_బ్యారేజీ
పులుసు ఊరుతుంది, లేఅవుట్ ఊరదు.

కావలి_కంపైలర్
అయినా ఒంగోలు వారి మాటలో ఒక సగం తీసుకోవచ్చు. ఆ పంక్తి థీమ్‌కు సంబంధించినది, థీమ్‌ను ఒక్కో యాక్టివిటీకి వేరుగా ఇవ్వవచ్చు. రైతు రోజూ తెరిచే నాలుగైదు స్క్రీన్లకు ఇన్‌సెట్స్ (బార్లు ఆక్రమించే చోటుకు వదలవలసిన ఖాళీ) సరిగా ఇచ్చి, నెలకోసారి తెరిచే రిపోర్టు స్క్రీన్లకు ప్రస్తుతానికి వద్దని రాసుకోండి. రూట్ వ్యూ మీద విండో ఇన్‌సెట్స్ లిజనర్ పెట్టి, సిస్టమ్ బార్స్, డిస్‌ప్లే కటౌట్ కొలతలను ప్యాడింగ్‌గా ఇస్తే చాలా స్క్రీన్లు దారికి వస్తాయి. అంకెలు కొట్టే స్క్రీన్లలో కీబోర్డు ఇన్‌సెట్ కూడా కలపండి, లేకపోతే ఆక్సిజన్ రాసే గడి కీబోర్డు వెనుక దాక్కుంటుంది.

చీమకుర్తి_గెలాక్సీ
మా అనుభవం వేరే వైపు నుంచి. క్వారీ కాటా దగ్గర లారీ బరువు రాసుకునే యాప్ మాది. టార్గెట్ 35 చేశాక కొత్త ఫోన్లు ఉన్న సూపర్‌వైజర్లకు మాత్రమే సర్వరు కలవడం ఆగిపోయింది, పాత ఫోన్లు ఉన్నవారికి బాగానే ఉంది. ఆఫీసులో మూలన పెట్టిన ఆ సర్వరు, నెట్‌లో వెళ్లే డేటాను గుప్తీకరించే టీఎల్‌ఎస్‌లో పాత వెర్షన్ 1.0 మాత్రమే మాట్లాడుతుంది. టార్గెట్ 35 యాప్‌కు ఆండ్రాయిడ్ 15 ఫోను టీఎల్‌ఎస్ 1.0, 1.1 రెండింటినీ నిరాకరిస్తుంది. యాప్ వైపు నుంచి దీనికి మార్గం వెతకకండి, సర్వరునే 1.2కు, వీలైతే 1.3కు మార్చండి. మీ సర్వరు ఎవరి చేతిలో ఉందో ముందే కనుక్కోండి, అనుమతి రావడానికే ఎక్కువ కాలం పడుతుంది.

కనిగిరి_కుర్రాడు
ఇన్ని మార్పులు ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షించే మార్గం లేదా? టార్గెట్ అంకె మార్చగానే అన్నీ ఒకేసారి వస్తాయి కదా.

ఉదయగిరి_కోట
ఉంది, చాలా మంది వాడరు. ఫోనులో డెవలపర్ ఆప్షన్లకు వెళితే యాప్ కంపాటిబిలిటీ ఛేంజెస్ అని ఒక పేజీ ఉంటుంది. మీ డీబగ్ బిల్డ్‌ను ఎంచుకుంటే ఏ వెర్షన్‌లో ఏ మార్పు వచ్చిందో జాబితా కనిపిస్తుంది, టార్గెట్ 33 మీదే ఉంచి ఒక్కో మార్పును విడిగా ఆన్ చేసి చూడవచ్చు. కంప్యూటరు నుంచి ఏడీబీ ఆదేశంతో కూడా చేయవచ్చు. ఒంగోలు, పెన్నా గార్ల వాదనకు ఇది చాలావరకు ముగింపు పలుకుతుంది. 34 మీద విడుదల చేయకుండానే 34 మార్పులను విడివిడిగా చూసుకోవచ్చు.

పెన్నా_బ్యారేజీ
పరీక్షించడం వరకు ఒప్పుకుంటాను. అయితే మన బల్ల మీది ఫోను వేరు, రైతు ఫోను వేరు. విడుదలను మాత్రం విడతలుగానే చేయండి. ప్లే కన్సోల్‌లో కొద్ది శాతం మందికే ముందు పంపి, క్రాష్ నివేదికలు చూసుకొని పెంచుకుంటూ పోవచ్చు. ఆపడం సాధ్యమే కాని వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు. ఒకసారి కొత్త వెర్షన్ ఎక్కిన ఫోనుకు పాత కోడు మళ్లీ పంపాలంటే వెర్షన్ కోడ్ పెంచి దాన్నే కొత్త విడుదలగా పంపాలి. కాబట్టి పాత కోడును టార్గెట్ 35 నియమం ఒప్పుకునే రూపంలో పక్కన సిద్ధంగా పెట్టుకోవడం కుదరదని గుర్తుంచుకోండి. గడువు దాటాక టార్గెట్ 33తో వెనక్కి వెళ్లే దారి లేదు. తప్పులు ఏమైనా ఉంటే ఆ దారి మూసుకుపోకముందే బయటపడాలి, నేను 34 మీద ఆగమనడానికి అసలు కారణం ఇదే.

టంగుటూరు_బ్యారన్
16 కేబీ మాట ఎవరూ ఎత్తలేదేమిటి? ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను టార్గెట్ చేసే అప్‌డేట్లు నవంబరు 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోను మెమరీని పంచే ముక్కల కొత్త పరిమాణానికి) కూడా సిద్ధంగా ఉండాలి. అల్లూరు గారి పొడిగింపు ముగిసే తేదీ కూడా అదే.

అల్లూరు_చెరువుగట్టు
ఈ నియమం సీ ప్లస్ ప్లస్ వంటి నేటివ్ కోడుకే కదా, మేము అందులో ఏమీ రాయలేదు. అది మాకు వర్తిస్తుందా?

టంగుటూరు_బ్యారన్
మీరు రాయకపోయినా మీరు వాడే లైబ్రరీలలో ఎవరో రాసి ఉంటారు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఏపీకే ఎనలైజర్ తెరిచి లిబ్ ఫోల్డరు చూడండి. అది లేకపోతే మీకు పని లేదు. ఉంటే ఏ ఫైలు సరిగా అమరలేదో అదే చూపిస్తుంది. సాధారణంగా దొరికేవి గుప్తీకరించిన డేటాబేసు, బార్‌కోడ్ స్కానరు, ఫోటోలు కుదించే లైబ్రరీలు. సొంత కోడు అయితే ఎన్‌డీకే (నేటివ్ కోడు పనిముట్ల కట్ట) 28తో మళ్లీ బిల్డ్ చేస్తే చాలు. ఇతరులది అయితే కొత్త వెర్షన్ వచ్చేవరకు వేచి ఉండాలి, లేదా మార్చేయాలి.

అల్లూరు_చెరువుగట్టు
చూశాను. రెండు ఉన్నాయి. డేటాబేసు లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చింది, మార్చేస్తాను. రెండోది చెల్లింపుల కోసం వాడే ఒక కంపెనీ ఎస్‌డీకే, మేము రెండేళ్ల నాటి వెర్షన్‌లో ఉన్నాము, కొత్తదానిలో పిలిచే పద్ధతే మారిపోయింది.

కందుకూరు_బస్టాండు
చెల్లింపును వెబ్ పేజీకి మార్చి కస్టమ్ ట్యాబ్‌లో (యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజరు పేజీలో) తెరవండి. ఆ ఎస్‌డీకే బరువు మొత్తం పోతుంది. కొన్ని యూపీఐ యాప్‌లు తిరిగి మీ యాప్‌లోకి వస్తున్నాయో లేదో మాత్రం చూసుకోవాలి.

పొదలకూరు_నిమ్మ
పాత ఫోన్ల గురించి ఒక జాగ్రత్త. లైబ్రరీలన్నీ ఒకేసారి తాజా చేస్తే మిన్ ఎస్‌డీకే మీకు తెలియకుండానే పైకి జరుగుతుంది. గూగుల్ ఫైర్‌బేస్ లైబ్రరీల వెర్షన్లను కలిపి నిర్ణయించే బీఓఎం 34 మిన్ ఎస్‌డీకే కనీసం 23 కోరుతుంది, పైగా కోట్లిన్ కోసం కేటీఎక్స్ పేరుతో ఉన్న మాడ్యూళ్లు అందులో లేవు, ఇంపోర్ట్‌లు మార్చుకోవాలి. అంటే ఆండ్రాయిడ్ 5 ఫోన్లకు ఇక అప్‌డేట్ అందదు. అలాంటి ఫోను ఉన్న రైతులు ఇంకా ఉన్నారేమో కన్సోల్‌లో చూసి, ఉంటే ఫైర్‌బేస్‌ను ప్రస్తుతానికి 33లోనే ఉంచండి. టార్గెట్ ఎస్‌డీకే పెంచడానికీ ప్రతి లైబ్రరీని చివరి వెర్షన్‌కు తీసుకుపోవడానికీ సంబంధం లేదు.

అల్లూరు_చెరువుగట్టు
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడితో కూర్చొని ఇలా నిర్ణయించుకున్నాము. ఈ వారం ప్లగిన్ 8.6, జేడీకే 17, ఆర్8 కీప్ రూల్స్, అలారం అనుమతి అడిగే పేజీ, ఇవి మాత్రమే టార్గెట్ 33తోనే పంపుతాము. అలారం పేజీ కోసం రైతులను ఇంకో పదిహేను రోజులు ఆపడం న్యాయం కాదనిపించింది. తరువాత కంపాటిబిలిటీ పేజీలో 34 మార్పులను ఒక్కొక్కటిగా ఆన్ చేసి చూసి, అక్టోబరులో టార్గెట్ 34 విడుదల చేస్తాము, సర్వీసు రకాలూ వర్క్‌మేనేజరూ అందులోనే. నెలాఖరుకు ముందే 35. ఒంగోలు గారికి నచ్చదని తెలుసు.

ఒంగోలు_గిత్త
నాకు నచ్చనిది 34 మాత్రమే. పట్టుబడుల మధ్యలో మూడు విడుదలలంటే మూడుసార్లు గుండె దడ. కాని వెనక్కి దారి లేదన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు స్క్రీన్లకు నా పంక్తి వాడుకుంటున్నారు కదా, అది చాలు.

కనిగిరి_కుర్రాడు
ప్రతి ఏటా ఈ తంతు ఎందుకన్న మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

పెన్నా_బ్యారేజీ
పాత టార్గెట్‌లో ఉండిపోయిన యాప్ అనుమతి అడగకుండానే చాలా పనులు చేయగలదు కాబట్టి. టార్గెట్ 22 మీద ఉన్న యాప్ లొకేషన్, కాంటాక్టులు అన్నీ ఎక్కించేటప్పుడే తీసేసుకునేది, నడిచేటప్పుడు అడగవలసిన అవసరం ఆండ్రాయిడ్ 6తో, టార్గెట్ 23తో వచ్చింది. గడువు పెట్టకపోతే ఆ నియమాలకు ఎవరూ తమంతట తాము రారు. మనకు పని పెరుగుతుందన్నది నిజమే.

కావలి_కంపైలర్
అల్లూరు గారూ, మొదటి విడుదల పంపే ముందు రిలీజ్ బిల్డ్‌తోనే ఒక పాత ఆండ్రాయిడ్ 9 ఫోనులో లాగిన్ నుంచి మేత లెక్క సేవ్ అయ్యే వరకు చేసి చూడండి. డీబగ్ బిల్డ్‌తో చూసి సరిపెట్టుకోవద్దు. ఆర్8 కుదించిన పేర్లకు అసలు పేర్లు చెప్పే మ్యాపింగ్ ఫైలు కూడా భద్రం చేయండి, అది లేకపోతే క్రాష్ నివేదికలో ఏ క్లాసు పేరూ అర్థం కాదు.

అల్లూరు_చెరువుగట్టు
మ్యాపింగ్ ఫైలు బండిల్‌తో పాటే కన్సోల్‌కు వెళుతోంది, చూసుకున్నాను. రిలీజ్ బిల్డ్‌లో చెరువుల జాబితా ఖాళీగా వచ్చింది, ఆర్8 గురించి మీరు చెప్పినట్టే. కీప్ రూల్ రాస్తున్నాను.